సలోమి పక్క చోటు

నేను తుంగలంక స్కూలుకి బదిలీ అయి వెళ్ళిన రోజున నన్ను పడవ ఎక్కించుకున్న మనిషి ఏసోబు. నాకు ఈత రాదు. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని, "ఇక్కడ లోతెంత ఉంటుందండీ?" అని అడిగాను. "మీ మోకాళ్ళ దాకా ఉంటుందండీ, అంతే" అన్నాడు. అంటూనే గెడకర్ర నీళ్ళలో వేశాడు. అది దిగింది, ఇంకా దిగింది, ఆయన పిడికిలి దాకా దిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. లంకలో దిగాక అందరి ముందూ నిలదీశాను.

"నిజం చెబితే మీరు ఎక్కేవారు కాదు కదండీ టీచరు గారూ. పిల్లలు పొద్దుట్నించీ మీకోసం కూర్చున్నారండీ" అన్నాడు. తప్పు చేసినట్టు కాదు, చెయ్యవలసిన పని చేసినట్టే అన్నాడు.

ఎదుటి మనిషి మొహం చిన్నబోయే మాట ఆయన నోట వచ్చేది కాదు. నాది దానికి పూర్తిగా ఎదురు స్వభావం. ఉన్నది ఉన్నట్టు అనేసి తరవాత తీరిగ్గా విచారించే రకం నేను. అందుకని ఏలూరు నుంచి కైకలూరు బస్సెక్కి, గట్టు దగ్గర దిగి, ఆయన పడవలో లంకకి వెళ్ళొచ్చిన ఆ ఏళ్ళన్నీ మేమిద్దరం ఏదో ఒకదాని మీద వాదించుకుంటూనే ఉన్నాం. వాదన నాది, నవ్వు ఆయనది.

చలికాలం వస్తే కొల్లేటికి పక్షులు వచ్చేవి, పక్షుల వెనకాల జనం వచ్చేవారు. ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ ఆదివారాలు కుటుంబాలతో దిగేవారు. తుంగలంక రేవులో సిమెంటు మెట్లు, రేకుల షెడ్డు, షెడ్డు కింద రొయ్యల వేపుడు అమ్మే ఆడవాళ్ళు, టీ బల్ల, తిరునాళ్ళ సందడి. "ఇవాళ గూడబాతులు కనిపిస్తాయాండీ?" అని అడిగితే ఏసోబు "ఎందుకు కనిపించవండీ, మీకోసమే ఆగాయండీ" అనేవాడు. కనిపించని రోజున కిక్కిస పొదల చుట్టూ తిప్పి తిప్పి, ఒక మామూలు కొంగని చూపించి సైబీరియా నుంచి వచ్చిందనేవాడు. "సైబీరియా ఎక్కడుందో తెలుసా మీకు?" అని ఒకసారి అడిగాను. "కైకలూరు అవతలేనండీ, కాకపోతే బాగా అవతల" అన్నాడు.

అప్పుడు రేవులోంచి ఆయన భార్య సలోమి కేకేసేది. "ఏవండోయ్, అది రోజూ మా ఇంటెనకాల తిరిగే కొంగేనండీ. ఈయన మాట నమ్మి ఫొటోలు తీసుకోకండి!" పడవంతా నవ్వేది. ఆవిడ గొంతు గట్టిది. వేపుడు అమ్మేది, పొద్దున్నే చేపల బుట్టతో పడవ రెండో కొసన కూర్చుని బజారుకి వెళ్ళేది, దారి పొడుగునా మొగుణ్ణి సాధించేది. పిల్లలు లేరు వాళ్ళకి. ఆ సాధింపులే ఇంటికి సందడి అని ఏసోబు అనేవాడు.

తుంగలంకలో బతికున్నవాళ్ళకే చోటు చాలదు, ఇక పోయినవాళ్ళ సంగతి చెప్పాలా. చర్చి వెనకాల కాస్త మెరక ఉంది. అక్కడే అందరినీ పెడతారు. ఆ రోజుల్లో సిమెంటు సమాధులు లేవు. మట్టి దిబ్బ, తలాపున చెక్క సిలువ, సిలువ మీద తారుతో పేరు. ఏటా నవంబరులో సమాధుల పండగకి ఎవరి దిబ్బ మీద వాళ్ళు కొత్త మట్టి ఎత్తి, సున్నం కొట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటారు. ఒకరి దిబ్బ మీద ఇంకొకరు మట్టి వెయ్యరు. వేస్తే, ఈ మనిషికి నా అన్నవాళ్ళు లేరు అని లంకంతా చాటినట్టే. భార్యాభర్తల్లో ఒకరు ముందు పోతే పక్కన రెండోవాళ్ళకి చోటు వదిలి, అక్కడ ఒక కర్ర లోతుగా పాతుతారు. ఆ కర్ర ఉన్నచోట పాస్టరు గారైనా వేలు పెట్టరు.

రెండువేల అయిదు వానల్లో సలోమికి పచ్చకామెర్లు వచ్చాయి. ఏలూరు ఆసుపత్రికి మేమే తీసుకెళ్ళాం, మేమే వెనక్కి తెచ్చాం. ఏసోబు పాత పడవ చెక్కతో సిలువ చేశాడు. తను రోజూ వాడే గెడకర్రని రంపంతో కోసి, ఆ ముక్కని పక్కన పాతాడు. పాతి, చేతులు దులుపుకుని నా వైపు తిరిగాడు.

"బతికినన్నాళ్ళూ పడవలో అదో కొసన, నేనో కొసనండీ. అక్కడన్నా పక్కపక్కన ఉంటామండీ" అన్నాడు.

ఆ తరవాత ఆయన ఏదీ కోరుకోవడం నేను చూడలేదు. ఇల్లు కారుతుంటే కప్పించుకోలేదు. కళ్ళకి శుక్లాలు వస్తుంటే చూపించుకోలేదు. "ఎందుకండీ, చోటు ఉంది కదండీ నాకు" అనేవాడు. సాయంత్రం ఆఖరి పడవ కట్టేసి, అక్కడికెళ్ళి కూర్చుని, ఆ రోజు ఎవరెవరు వచ్చారో సలోమికి చెప్పి ఇంటికెళ్ళేవాడు.

మరుసటి ఏడు మొదట్లోనే సర్కారువాళ్ళు కొల్లేటి చెరువుల గట్లు కొట్టేశారు. చేపల పనులు పోయి లంక సగం ఖాళీ అయింది. మిగిలినవాళ్ళు చలికాలం వచ్చే జనం మీద ఆశ పెట్టుకున్నారు. అక్టోబరు ఆఖర్లో తుపాను పట్టింది. తమ్మిలేరు, బుడమేరు ఒక్కసారే వచ్చి కొల్లేట్లో పడ్డాయి. ఏలూరులో మా వీధిలోకే నీళ్ళొచ్చాయి. లంకవాళ్ళని పడవల్లో తెచ్చి గట్టు మీద ఊళ్ళో పెట్టారు. ఆ ఏడు సమాధుల పండగ లేదు.

నీళ్ళు తీశాక నేను వెళ్ళాను. రేవు కోసం వెతుక్కోవలసి వచ్చింది. మెట్లలో పై రెండూ మిగిలాయి. రేకుల షెడ్డు ఎగిరి స్కూలు మీద పడింది. పడవని కరెంటు స్తంభానికి కట్టి దిగాం. ఎక్కడ చూసినా గుర్రపుడెక్క, బురద, చచ్చిన చేపల వాసన. ఆడవాళ్ళు తడిసిన బియ్యం గోనెల మీద ఆరబోసుకుంటున్నారు. ఆ సమయంలో కూడా చూడడానికి జనం వచ్చారండీ! ఒక దంపతులు ఆ విరిగిన మెట్ల మీద నిలబడి ఫొటో తీయించుకుంటున్నారు. నాకు నోరు ఊరుకోదు. "మీ ఇంటి అడ్రసు ఇవ్వండి, అది కూలినప్పుడు మేమూ వచ్చి దిగుతాం" అన్నాను. వాళ్ళ మొహాలు మాడిపోయాయి.

ఏసోబు పరుగున వచ్చాడు. "పోనివ్వండి టీచరు గారూ, రాక రాక వచ్చారండీ" అని నాతో అని, వాళ్ళతో "మళ్ళీ రండి బాబూ, క్రిస్మస్‌కల్లా రేవు కట్టేస్తారంటండీ" అన్నాడు. ఎవరు కడతామన్నారని అడిగితే తెలియదు. ఎవరూ అనలేదు.

చర్చి వెనకాల మెరకంతా చదునైపోయింది. దిబ్బలు లేవు, సిలువలు లేవు. పల్లం వైపు గట్టు కోసుకుపోయి, అక్కడున్న సమాధులతో సహా కొల్లేట్లోకి జారిపోయింది. ఏసోబు కొన్నాళ్ళు అదే పనిగా పడవ మీద తిరిగి, గుర్రపుడెక్కలో చిక్కుకున్న సిలువలు ఏరి తెచ్చి చర్చి గోడకి చేర్చాడు. ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళి, గుర్తున్న చోట పాతుకున్నారు. సలోమి సిలువ దొరకలేదు. కానీ ఆయన పాతిన కర్ర మాత్రం కదల్లేదు. దాన్ని చూపించి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. "చూశారాండీ, మా ఇల్లు పోలేదు" అన్నాడు. ఉన్న ఇల్లు మాత్రం పోయింది. టార్పాలిను కింద ఉంటున్నాడు.

పల్లం వైపు పోయినవాళ్ళలో కనకరత్నం ఒకతె. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది. భర్త నిత్యానందం జూట్ మిల్లులో పని చేస్తూ చనిపోతే ఏలూరులోనే పెట్టారు. ఉన్నది ఒక్క కూతురు దీవెన. నా దగ్గర చదువుకున్న పిల్లే, సలోమి పోకముందే ఇళ్ళలో పనికి కువైట్ వెళ్ళింది. ఆ జూన్‌లో కనకరత్నం పోతే సెలవివ్వలేదని రాలేకపోయింది. పక్కన పెట్టడానికి భర్త సమాధి కూడా ఇక్కడ లేదు కాబట్టి, ఖాళీ ఉందని ఆవిడని పల్లం వైపు పెట్టారు. నాలుగు నెలలకి తుపాను.

డిసెంబరులో దీవెనకి సెలవు దొరికింది. ఏలూరు స్టాండులో నాకే ఎదురైంది. ఇద్దరం కలిసే పడవెక్కాం. ఏడ్చి ఏడ్చి వచ్చినట్టుంది, మొహం ఉబ్బి ఉంది. ఒళ్ళో ఒక సంచీ పట్టుకుని కూర్చుంది. సగం దూరం వెళ్ళాక అడిగింది.

"బాబాయ్, మా అమ్మ సమాధి బాగానే ఉందా?"

గెడకర్ర ఆగింది. నేను ఏసోబు వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"బాగానే ఉందమ్మా. ఎందుకుండదు" అన్నాడు.

దిగాక ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బురదలోంచి నడిపించుకుంటూ మెరక మీదకి తీసుకెళ్ళాడు. నేను వెనకాల పడ్డాను. కనకరత్నం ఉన్న చోట ఇప్పుడు నీళ్ళున్నాయి, ఎక్కడికి తీసుకెళతాడీయన అనుకుంటున్నాను. నేరుగా సలోమి దగ్గరికి వెళ్ళి ఆగాడు.

"ఇదేనమ్మా. తుపానుకి గుర్తు పోకుండా ఈ కర్ర నేనే పాతాను" అన్నాడు.

దీవెన ఆ తడి నేల మీద బోర్లా పడిపోయింది. "అమ్మా, నేను రాలేకపోయానే, నన్ను రానివ్వలేదే" అని ఆ మట్టిని రెండు చేతులా కావలించుకుని ఏడ్చింది. సంచీలోంచి తల్లి కోసం ఎప్పుడో కొని పంపలేకపోయిన శాలువ తీసి పరిచింది. లంక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. సలోమిని పెట్టిన రోజున అక్కడ నిలబడ్డవాళ్ళే అందరూ. ఒక్కరూ నోరు విప్పలేదు. నేను విప్పబోయాను. ఏసోబు నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

తిరుగు పడవలో మేమిద్దరమే ఉన్నప్పుడు దులిపేశాను. "ఏం మనిషండీ మీరు? కొంగని చూపించి సైబీరియా అన్నంత తేలికా ఇది?"

"మీ అమ్మ నీళ్ళలో కొట్టుకుపోయిందమ్మా అని ఎలా చెప్పనండీ?" అన్నాడు. "చచ్చిపోయినప్పుడూ చూళ్ళేదు, మట్టీ వెయ్యలేదు. ఏడవడానికి ఇంత చోటన్నా వద్దాండీ ఆ పిల్లకి?"

"మరి సలోమి?"

"నెల్లాళ్ళలో కువైట్ వెళ్ళిపోతుందండీ. నా చోటు నాకుంటుంది."

"సలోమి బతికుంటే గెడకర్రతో కొట్టేది మిమ్మల్ని."

"కొట్టేదండీ" అని నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను.

వెళ్ళేముందు దీవెన సిలువ చేయించమంది. చెక్క ఏసోబే చెక్కాడు. ఆయనకి చదువు రాదు, పేరు రాయడం నా వంతు అయింది. కనకరత్నం అని తారుతో రాస్తుంటే నా మీద నాకే కోపం వచ్చింది. అయినా రాశాను.

మరుసటి ఏడు పండగ ముందు దీవెన కువైట్ నుంచి నా సెల్లుకి ఫోన్ చేసింది. తనకి సెలవు లేదనీ, తన బదులు ఏసోబు బాబాయిని అమ్మకి మట్టి ఎత్తమని చెప్పమనీ అడిగింది. నేను ఆ మాట చేరవేస్తే ఏసోబు మొహం వెలిగిపోయింది. సిలువ మీద పేరు మారాక ఆ దిబ్బ మీద మట్టి వెయ్యడానికి ఆయనకి హక్కు లేకుండా పోయింది మరి. ఇప్పుడు సొంత పెళ్ళానికి పరాయి పిల్ల తరఫున కూలివాడిలా మట్టి ఎత్తాడు. అరచేత్తో తట్టి తట్టి, గోడ మెత్తినట్టు నున్నగా చేశాడు. "బాగా కుదిరింది కదండీ?" అని అడిగాడు. కుదిరిందన్నాను. ఆ రోజు ఆయన్ని చూస్తే, పోనీ ఇలా గడిచిపోతే చాలనిపించింది నాకు.

అలా గడవలేదు. రెండువేల ఎనిమిదిలో దీవెన కువైట్ మానేసి వచ్చేసింది. తాడేపల్లిగూడెంలో టైలరింగ్ షాపు పెట్టుకుంది. కాస్త నిలదొక్కుకున్నాక, తల్లికి పక్కా సమాధి కట్టించాలని మేస్త్రీని వెంటబెట్టుకుని లంకకి వచ్చింది. టైల్సు, పాలరాయి, చుట్టూ ఇనప రైలింగు. సరుకంతా ఏసోబు పడవలోనే వచ్చింది. మేస్త్రీ టేపు పట్టి కొలుస్తూ, పక్క చోటు కూడా కలిస్తే తప్ప రైలింగు కుదరదన్నాడు.

"ఈ పక్కన ఎవరిదన్నా ఉందా బాబాయ్? ఎవరిదన్నా అయితే ముట్టుకోనండీ" అంది దీవెన. మంచి పిల్ల. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా నాకు రాలేదు.

అక్కడ పాస్టరు ఏసుకుమార్ గారున్నారు, లంక పెద్దలున్నారు, నేనున్నాను. అందరం ఏసోబు నోటి వంక చూస్తున్నాం. ఒక్క మాట. ఉంది అంటే చాలు.

ఆయన ఆ కర్ర వైపు చూశాడు. దీవెన మొహం వైపు చూశాడు.

"ఎవరిదీ కాదమ్మా. కట్టుకో" అన్నాడు.

వంగి కర్రని తనే ఊపి ఊపి పీకాడు. లోతుగా పాతాడేమో, ఊరికే రాలేదు. మేస్త్రీ సాయం పట్టబోతే వద్దన్నాడు. తీసుకెళ్ళి పడవలో పడేశాడు. తరవాత పాలరాయి నిలబెట్టేటప్పుడు, బెసక్కుండా రెండు చేతులా పట్టుకుని సిమెంటు బిగిసేదాకా నిలబడ్డది కూడా ఆయనే. రాయి మీద చెక్కిన పేరు ఆయన గుండెలకి ఆనుకుని ఉంది.

ఆ సాయంత్రం ఆయన్ని తిట్టడానికి కూడా మనసు రాలేదు. "ఇప్పుడు మీరెక్కడికండీ?" అన్నాను. "లంక లేదాండీ" అన్నాడు. ఆ తరవాత సాయంత్రాలు రైలింగు బయట నిలబడి వచ్చేసేవాడు. లోపల కూర్చోడానికి గేటుకి తాళం ఉండేది. రేవు మాత్రం ఆ ఏడు కట్టారు. జనం మళ్ళీ వచ్చారు. పక్షులు కనిపిస్తాయా అని అడిగితే "చూద్దాం బాబూ" అనేవాడు.

రెండువేల తొమ్మిది ఆగస్టులో, గుండె నొప్పితో, పడవలోనే పోయాడు. మెరక మీద చోటు లేదు. ఆ గేటు తాళం తీయించి, దీవెనకి నిజం చెప్పి లోపల పెడదామని నేను గట్టిగా పోట్లాడాను. పాస్టరు గారికీ అదే ఉంది మనసులో. కానీ ఏసోబు ముందే ఆయన దగ్గర మాట తీసుకున్నాడట, ఆ పిల్లకి చెప్పనని. పోయినవాడికిచ్చిన మాట ఎలా తప్పుతామండీ అన్నారు. ఆ మాట తీసుకున్నవాడి మీదా, ఇచ్చినవాడి మీదా నాకు పట్టరాని కోపం వచ్చింది. చివరికి పల్లం వైపు, గట్టు తెగిన అంచున పెట్టాం. సలోమికి ఎంత దూరమో అంత దూరం. మట్టి వేస్తుంటే నాకు దుఃఖం ఆగలేదు. బతికి ఉన్నన్నాళ్ళూ అడిగింది ఒక్కటే కదా, అది కూడా దక్కనివ్వలేదు మేము.

నవంబరులో పండగ వచ్చింది. దీవెన గూడెం నుంచి పూలతో, కొవ్వొత్తులతో దిగింది. తాళం తీసి, టైల్సు కడిగి, దండ వేసి, ప్రార్థన చేసుకుంది. అయ్యాక ఏసోబు కోసం వెతుక్కుంటూ పల్లం వైపు వచ్చింది. నేనక్కడే ఉన్నాను.

"బాబాయిని ఇంత దూరంగా పెట్టారేంటి టీచరు గారండీ? పిన్ని పక్కన పెట్టాల్సింది కదండీ. పిన్ని సమాధి ఎక్కడ? ఒక కొవ్వొత్తి పెట్టొస్తాను."

మూడేళ్ళుగా నా గొంతులో ఉన్న మాట అది. చెప్పడానికి ఇంతకంటే సమయం రాదు. తల తిప్పి చూశాను. రైలింగు లోపల దండ వేసిన పాలరాయి, దాని ముందు వెలుగుతున్న కొవ్వొత్తులు కనిపిస్తున్నాయి. దీవెన కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఇక్కడే ఉండేదమ్మా. తుపానులో గట్టుతో పాటు పోయింది" అన్నాను.

దీవెన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో, ఒక్కనాడూ చెప్పలేదండీ బాబాయ్! మా అమ్మ సమాధి చూపించిన రోజున కూడా అనలేదు. నాకైతే మా అమ్మ మిగిలిందండీ. పాపం, ఆయనకి ఆ మాత్రం కూడా లేకపోయింది" అని, గట్టు అంచున కూర్చుని, ఏసోబుకొకటీ సలోమికొకటీ కొవ్వొత్తులు వెలిగించింది. కొల్లేటి గాలికి అవి నిలవలేదు. నేను కూడా పక్కన కూర్చుని చేతులు అడ్డం పెట్టాను.